కౌంటరు మీది ఏరు

ఫిబ్రవరి 3, 2006. శుక్రవారం. అల్ ఖోర్ క్యాంప్

కంపెనీవాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. నెల రోజులుగా పెట్టె అడుగున పడి ఉంది. ఇవాళ బయటికి తీశానంటే అది మా బాలవ్వ పుణ్యం. పెళ్ళాం మీది కోపం రూమ్‌లో చెప్పుకుంటే అందరూ పడీ పడీ నవ్వుతారు. కాగితమైతే నవ్వదు.

బోరు సంగతే. చింతచెట్టు పక్కన వేయించమని ఫోన్లో చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మా నాయన ఉన్నప్పటి నుంచీ అక్కడి మట్టి ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేది. ఆమె విన్నదా? లేదు. తన బుద్ధికి తోచినట్టు పడమటి గెట్టున వేయించింది. రెండించుల నీళ్ళు పడ్డాయట.

"నువ్వు చెప్పిన చింతచెట్టు గాలివానకు కూలి మూడేండ్లాయె. దాని మొద్దు సుత లేదిప్పుడు. నువ్వింకా ఏ కాలంల ఉన్నవో!" అని నవ్వింది.

నీళ్ళు పడినందుకు సంతోషమే. సంతోషం లేదని ఎవరన్నారు? కానీ నన్నొక మాట అడిగితే ఆమె సొమ్మేం పోయేది? ఊళ్ళో అందరూ బాలవ్వ బోరు అంటున్నారట. లింబాద్రి బోరు అనాలి న్యాయంగా.

ఫిబ్రవరి 7

ఇసుకగాలి. మేము పనిచేసే రాస్ లఫాన్‌లో క్రేన్లన్నీ ఆపేశారు. టూల్ రూమ్‌కు ఒక్కడు రాలేదు. బోరు కథంతా సెల్సోకు చెప్పుకుని కడుపు చల్లార్చుకున్నాను.

సెల్సోది ఫిలిప్పీన్స్. ఏళ్ళ తరబడి ఇద్దరం ఒకే కౌంటర్ వెనక నిలబడి స్పానర్లు ఇస్తున్నాం, తీసుకుంటున్నాం. వాడికి హిందీ అరకొర, నాకు ఇంగ్లీషు అరకొర. రెండూ కలిపితే ఒక భాషకు సరిపోతుంది. ఈ గల్ఫ్ దేశంలో నాకు దోస్తు అంటే వాడే. నా కథ విని నా పక్షమే మాట్లాడాడు. "మనం ఆ నేల మీద పుట్టాం. పెళ్ళాలు ఆ ఇంటికి తర్వాత వచ్చారు. నేల మనకే తెలుసు" అన్నాడు. శభాష్ అన్నాను.

ఆ ఊపులో వాడి ఊరు కౌంటర్ మీద పెట్టి చూపించాడు. కలబ్గాన్ అనే మున్సిపాలిటీ. మున్సిపాలిటీ అంటే మా మెట్‌పల్లిలాగా బస్టాండూ సినిమా టాకీసూ ఉన్న టౌన్ అనుకున్నాను. కాదట. కొండ నుంచి సముద్రం దాకా ఉన్న పల్లెలూ, వరిపొలాలూ, కొబ్బరితోటలూ అన్నీ కలిస్తే ఒక మున్సిపాలిటీ. మన మండలమే అనుకోవాలి. దానికొక మేయర్. ఒక్కో పల్లెను బరంగాయ్ అంటారు. దానికొక కపితాన్, మన సర్పంచ్. మన పల్లెల్లో శిలాఫలకం మీద ఎమ్మెల్యే పేరు చెక్కిస్తారు. అక్కడ బస్ షెల్టర్ల మీద, ఆఖరికి చెత్తకుండీల మీద కూడా మేయర్ పేరు రాయిస్తారట. రాజకీయం ఎక్కడైనా ఒకటే అని ఇద్దరం నవ్వుకున్నాం.

టూల్ బాక్స్ కొండ. టీ గ్లాసు సముద్రం. మధ్యలో పైపులకు బిగించే పెద్ద ఇనుప చక్రం, ఫ్లాంజ్, పెట్టి ఇదే మునిసిప్యో అన్నాడు. మేయర్ ఆఫీసు, చర్చి, సంత అన్నీ అక్కడే. చుట్టూ నట్లు పోసి ఇవి పల్లెలన్నాడు. బైండింగ్ వైరు వంచి కొండ మీద నుంచి టీ గ్లాసు దాకా ఏరు పారించాడు. ఎగువనున్న పల్లె ఇరాయా. దిగువనున్నది ఇలావొద్, వాడిది. ఇలావొద్ దగ్గర వైరును కొడవలిలా వంచి, వంపులో వేలు పెట్టి, "ఇది మా నాన్న భూమి. ఒడ్డున ఆయన నాటిన వెదురు పొద ఉంది. దాన్ని దాటి ఏరు రాదు" అన్నాడు. చెబుతుంటే వాడి మొహం చూడాలి.

అంతలో ఫోర్‌మన్ వచ్చి "యల్లా, తొందరగా, వైరు కావాలి" అని ఏటిని చుట్ట చుట్టి పట్టుకుపోయాడు.

ఫిబ్రవరి 17. శుక్రవారం

సెల్సో శుక్రవారం ఫోన్ పట్టాడంటే అది దర్బారు. వాడి భార్య లిగాయా ఇప్పుడు ఇలావొద్‌కు కపితాన్. పోయిన ఎన్నికల్లో ఆమె పల్లె కౌన్సిల్లో మెంబర్‌గా గెలిచింది. అందరికంటే ఎక్కువ ఓట్లు ఆమెవే. కపితాన్ ముసలాయన పోయిన ఏడాది చనిపోతే, అక్కడి చట్టం ప్రకారం ఎక్కువ ఓట్లొచ్చిన మెంబరే కుర్చీ ఎక్కాలట. అలా ఎక్కింది. కుర్చీలో ఆమె, ఫోన్లో వీడు. ఎవరి గొడవ ఎలా తీర్చాలో, మేయర్‌తో ఏం మాట్లాడాలో అన్నీ అల్ ఖోర్ క్యాంప్ గోడ నీడన కూర్చుని వీడే చెబుతాడు. చివర్లో నాకూ ఫోన్ ఇస్తాడు. "హలో బ్రదర్ లింబాద్రి, తిన్నారా?" అని అడుగుతుంది. మర్యాద తెలిసిన మనిషి.

మా బాలవ్వకు కూడా ఇలా నేను చెబితే వినే గుణం ఉంటే ఎంత బాగుండేది!

మార్చి 10. శుక్రవారం

పెద్ద వార్త. ఇలావొద్‌కు మేయర్ ఒక హాలు మంజూరు చేశాడు. పైకప్పున్న బాస్కెట్‌బాల్ కోర్టు, పక్కనే కపితాన్ ఆఫీసు, వేదిక. బాస్కెట్‌బాల్ కోర్టెందుకు రా అంటే, "మాకు అదే కచేరీ, అదే కల్యాణమండపం, వడ్లు ఆరబోసేది అక్కడే, తుఫానొస్తే జనం తల దాచుకునేదీ అక్కడే" అన్నాడు.

ఎక్కడ కట్టాలన్నదే పేచీ. సెల్సో తన తండ్రి భూమి రాసిస్తానంటున్నాడు, ఏటి వంపులో. హాలుకు తండ్రి పేరు పెట్టాలని వాడి కోరిక. లిగాయా ఇరాయా దారిలో మిట్ట మీద కడదామంటోంది. ఏరు గట్టును కోస్తోందట. సెల్సో నవ్వాడు. "ఆమెకు ఏరంటే మొదటి నుంచీ భయం. కొండవాళ్ళ పిల్ల" అన్నాడు.

నన్ను అడిగాడు. సలహా అడిగితే నేను ఊరుకుంటానా! వంపులోనే కట్టమన్నాను. తండ్రి పేరు నిలబడుతుంది, ఊరికి నడిమధ్యన ఉంటుంది. వేదిక తూర్పుమొహంగా ఉండాలన్నాను. వాస్తు వాడికేం తెలుసు, నేనే చెప్పాను. వాడు ఫోన్లో అంతా వివరించాడు. టూల్ రూమ్‌కు వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి "మా ఊరి ఇంజనీర్" అంటున్నాడు.

సాయంత్రం బాలవ్వకు ఈ సంగతి చెబితే ఏమన్నదో రాయడానికి సిగ్గుగా ఉంది. రాస్తాను. "కూట్ల రాయి తియ్యనోడు ఏట్ల రాయి తీస్తడట. ఆ ఏరు నువ్వు ఎన్నడన్న జూసినవా?"

ఫోన్ పెట్టేశాను.

మార్చి 29. బుధవారం

సెల్సో క్రేన్ల తాళ్ళకు తగిలించే షాకిల్స్ తేవడానికి వేరే యార్డుకు పోయాడు. వాడి ఫోన్ చార్జింగ్‌కు పెట్టి ఉంది. మోగింది. ఇక్కడ మోగిన ఫోన్ ఎత్తకూడదు, మిస్డ్ కాల్ అంటే తిరిగి చేయమని అర్థం. నేను పరధ్యానంలో ఎత్తేశాను. లిగాయా.

సెల్సో లేడన్నాను. ఆమె, మీరున్నదే మంచిదైంది, మీతోనే మాట్లాడతాను అంది. ఆమె ఇంగ్లీషులో చెప్పిందంతా తెలుగులో రాసి పెడుతున్నాను.

"మొన్నటి వానకు వెదురు పొద మొత్తం ఏట్లోకి జారిపోయింది. ఒక్క బొంగు మిగల్లేదు. నేను చెబితే ఆయన నమ్మడు. అక్కడ కట్టడం ఇష్టం లేక కల్పిస్తున్నానంటాడు. గట్టు కోసుకుపోతోందంటేనే కోపం వచ్చింది. మీరంటే ఆయనకు గురి. మీరు చెప్పండి బ్రదర్. వెదురు లేదని చెప్పండి. ఆదివారం మా కౌన్సిల్ కూర్చుంటుంది. ఆలోగా ఆయన నుంచి ఏ మాటా రాకపోతే, మీరు చెప్పాక కూడా ఆయన అక్కడే కట్టమన్నాడని అర్థం చేసుకుంటాను. సంతకం పెట్టేస్తాను. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తను."

చెబుతానన్నాను. ప్రామిస్ అన్నాను.

సెల్సో మూడింటికి వచ్చాడు. వస్తూనే మేయర్ ఒప్పుకున్నాడనీ, బోర్డు మీద తండ్రి పేరు ఏ రంగులో రాయించాలో చెప్పమనీ అడిగాడు. అంత సంతోషంగా ఉన్నాడు. ఆ సంతోషం మీద నీళ్ళెలా చల్లను? రేపు చెబుతాను.

మార్చి 30

ఇవాళ స్టాక్ చెకింగ్. ఊపిరాడలేదు.

మార్చి 31. శుక్రవారం

నిజం రాస్తే, కోపంగా కూడా ఉంది. ఈ ఆడవాళ్ళందరూ ఒక మాట మీద ఉన్నట్టున్నారు. చింతచెట్టు లేదని ఒకామె, వెదురు పొద లేదని ఇంకొకామె. మనం పుట్టి పెరిగిన చోటు మనకు తెలియదట, వీళ్ళకు తెలుసట. రేపు వెదురు మళ్ళీ మొలుస్తుంది. వెదురు మొలవడం ఎంతసేపు?

సెల్సో ఇవాళ లిగాయాతో మాట్లాడాడు. చాలా తక్కువ మాట్లాడింది, జ్వరమేమో అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. చెప్పొచ్చు. చెబుదామనే అనుకున్నాను. ఇంతలో భోజనానికి పిలిచారు.

ఏప్రిల్ 1

చెప్పలేదు.

ఏప్రిల్ 3. సోమవారం

ఆమె సంతకం పెట్టింది. సెల్సో ఎగిరి గంతేశాడు. "చూశావా, ఆమే దారికొచ్చింది. అడక్కుండానే ఒప్పుకుంది!" అన్నాడు.

అయిపోయింది. ఆమే ఒప్పుకున్నాక మధ్యలో నాదేముంది? నిజంగా ప్రమాదమనుకుంటే సంతకం పెట్టేదా? చదువుకున్న మనిషి, కపితాన్. మేయర్ దగ్గర ఇంజనీరు కూడా ఉంటాడు, వాడు చూసుకోడా?

ఇవాళ మనసు తేలిగ్గా ఉంది.

ఏప్రిల్ 14. శుక్రవారం

లిగాయా నాతో మాట్లాడలేదు. సెల్సో ఫోన్ ఇవ్వబోతే పొయ్యి మీద ఏదో ఉందందట.

జూన్ 16. శుక్రవారం

సెలవు మీద పోయిన వాళ్ళ ఊరివాడొకడు ఫోటోలు తెచ్చాడు. స్తంభాలు లేచాయి. పైన ఇనుప దూలాలు. చూస్తే కడుపు నిండిపోయింది. మేయర్ పేరు పెద్దక్షరాలతో, కింద సెల్సో తండ్రి పేరు చిన్నక్షరాలతో బోర్డు కూడా రెడీ. ఆ చిన్నక్షరాలను వాడు వేలితో తడుముతూ కూర్చున్నాడు.

ఉన్నట్టుండి ఫోటో దగ్గరగా పెట్టుకుని, "వెదురు పొద కనిపించడం లేదేమిటి?" అన్నాడు.

"ఫోటో ఈ పక్క నుంచి తీసిండ్రు. పొద ఆ పక్కకు ఉంటది" అన్నాను.

నా నోరు నన్ను అడక్కుండానే అనేసింది. వాడు "అవును కదా" అన్నాడు. నేనేం చెప్పినా అవును కదా అంటాడు వాడు.

జూన్ 17

అన్నం సయించలేదు. ఎండ దెబ్బ.

ఆగస్టు 25. శుక్రవారం

హాలు ప్రారంభం. ఇక్కడ క్యాంప్‌లో సెల్సో నూడుల్స్ వండి అందరికీ పెట్టాడు. మా బస్సు డ్రైవర్ ముజఫ్ఫర్ అలీని కూడా పిలిచాడు. ముజఫ్ఫర్‌ది కోరుట్ల, మా పక్కూరన్నట్టే. సెల్సో గ్లాసెత్తి, ఈ హాలు ఇక్కడ కట్టాలన్నది నా ఫ్రెండ్ లింబాద్రి అని అందరి ముందూ చెప్పాడు. చప్పట్లు కొట్టారు.

తిరిగి వస్తుంటే ముజఫ్ఫర్ నవ్వాడు. "ఏం భాయ్, గింత తారీఫ్ జేస్తే మొకం గట్ల వెట్టినవ్? నూడుల్స్ మంచిగ లేవా?"

ఉప్పెక్కువైందన్నాను.

సెప్టెంబర్ 8. శుక్రవారం

బాలవ్వ ఇవాళ తనంతట తాను అడిగింది. "నీ దోస్తు ఊర్ల హాలు కట్టిండ్రా? ఎట్లున్నది?" బాగుందన్నాను. "నీ మాట ఇన్నోళ్ళు దొరికిండ్రు, పోనీ, మంచిదే" అంది. వెక్కిరించలేదు. సంతోషంగానే అంది. దానికి నాకెందుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయో తెలియదు.

బోరు ఎలా ఉందని మొదటిసారి నేనే అడిగాను. పారుతోందట.

నవంబర్ 12. ఆదివారం

వాళ్ళ దేశంలో తుఫాను. మెస్ హాల్లో టీవీలో చూపించారు. సెల్సో పొద్దుటి నుంచీ ఫోన్ చెవికి అంటించుకునే ఉన్నాడు. కలవడం లేదు. "భయం లేదు, హాలు ఉంది. అందరినీ హాల్లో పెట్టి ఉంటుంది. కొత్త హాలు కదా, గట్టి దూలాలు" అంటున్నాడు. పదిసార్లు అన్నాడు.

దేవుడా, కొండగట్టు అంజన్నా! వాళ్ళు ఆ హాల్లో ఉండకూడదు.

నవంబర్ 13

ఫోన్ కలవలేదు. డ్యూటీలో పందొమ్మిది నంబర్ స్పానర్ అడిగితే సుత్తి ఇచ్చానట.

నవంబర్ 15. బుధవారం

అందరూ బతికే ఉన్నారు. ఒక్క ప్రాణం పోలేదు. సెల్సో కౌంటర్ కిందికి జారి కూర్చుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నా ఏడుపు ఎందుకో వాడికి తెలియదు.

హాలు లేదు. ఏరు వంపును తెంచుకుని నేరుగా వచ్చేసింది. కోర్టు, వేదిక, ఆఫీసు, బోర్డు అన్నీ పోయాయి. వాడి తండ్రి భూమిలో ఇప్పుడు ఏరు పారుతోంది. లిగాయా తుఫాను ముందురోజే ఊరందరినీ బయల్దేరదీసి, వానలో నడిపించి ఇరాయా బడిలో పెట్టింది. కొత్త హాలు ఇక్కడుండగా మమ్మల్నెందుకు నడిపిస్తున్నావని జనం దారంతా తిట్టారట. ముసలివాళ్ళను తడికెల మీద మోయించిందట.

ఆ తల్లికి చేతులెత్తి దండం పెట్టాలి.

నవంబర్ 24. శుక్రవారం

కథ అడ్డం తిరిగింది.

ఊళ్ళో వాళ్ళిప్పుడు అడుగుతున్నారట: హాల్లో పడుకుంటే చస్తామని నీకెలా తెలుసు? తెలిసే అక్కడ కట్టావన్నమాట. మామ పేరు కోసం, మామ భూమిలో, ఏట్లో పోతుందని తెలిసి కట్టావు. ఆమె వాళ్ళ ప్రాణాలు కాపాడటమే ఆమె మీద సాక్ష్యమైంది. మేయర్ చేతులు దులిపేసుకున్నాడు. స్థలం కపితాన్ ఎంపిక, సంతకం ఆమెదే అన్నాడు. మునిసిప్యో ముందు మైదానంలో సభ పెట్టి ఆమెను నిలబెట్టి అడిగారట. ఆమె ఒక్క మాట కూడా మొగుడి మీదికి తోయలేదు. సంతకం నాదే అంది. కుర్చీ దిగిపోయింది.

సెల్సోకు ఊరివాళ్ళ మీద కోపం లేదు. ఆమె మీదే. నా ముందే ఫోన్లో అరిచాడు. ఫోన్ పెట్టేసి నాతో అన్నాడు: "ఆమెకు తెలుసు, లింబాద్రి. తెలిసి నాకు చెప్పలేదు. మొదట్లో ఏదో గొణిగింది, తర్వాత మానేసింది. వెదురు పొద మార్చిలోనే పోయిందట! ఊరంతటికీ తెలుసు, నాకు తెలియదు. మొగుడికి చెప్పాలా వద్దా? ఒక్కసారి, ఒక్కసారి చెప్పి ఉంటే నేనే వద్దనేవాణ్ణి కదా!"

నేను తల ఊపాను. ఊపానంతే.

నవంబర్ 25

తల ఎందుకు ఊపాను?

నవంబర్ 27

లిగాయా వాడి ఫోన్ ఎత్తడం లేదు.

నవంబర్ 29. బుధవారం

పొద్దున బస్సులో ముందు సీట్లో కూర్చున్నాను. ముజఫ్ఫర్‌కు చెప్పాను. మొత్తం కాదు. ఒకాయన ఒక మాట చెప్పమంటే ఇంకొకాయన చెప్పలేదు, దానివల్ల మొగుడూ పెళ్ళాం విడిపోయేలా ఉన్నారు అని పరాయివాళ్ళ కథలా చెప్పాను.

ముజఫ్ఫర్ అద్దంలో నన్ను చూశాడు. "ఆ ఇంకొకాయనకు చెప్పు భాయ్. గోటితోని పోయేదాన్ని గొడ్డలి దాంక తెచ్చిండు. ఇగ రేపు మాపు అంటే గొడ్డలి సుత పనికి రాదు."

ఎలా చెబుతాడు, దోస్తు పోతాడు కదా అన్నాను.

"దోస్తు ఎప్పుడో పోయిండు. ఆయనకు ఇంక తెల్వదు, గంతే" అన్నాడు.

రాస్ లఫాన్ గేటు వచ్చింది. దిగాను. దొంగ ముండాకొడుకు, ఎంత మాటన్నాడు! అన్నది నిజమే.

నవంబర్ 30

టీ తాగేటప్పుడు చెబుదామనుకున్నాను. నోరు పెగల్లేదు. ఊరివాళ్ళందరి బోర్లకూ హాళ్ళకూ సలహాలు చెప్పిన నోరు ఇది. సెల్సో తన టీలో సగం నాకు పోశాడు.

డిసెంబర్ 1. శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈ ఒక్క రోజైనా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సెల్సో నన్ను గోడ దగ్గరికి పిలిచాడు. గడ్డం పెరిగి ఉంది. "నా నంబర్ చూస్తే ఎత్తడం లేదు. నీ ఫోన్ నుంచి చెయ్యి. నీ మీద ఆమెకు గౌరవం. నేను అరిచినందుకు క్షమించమని చెప్పు. కానీ ఎందుకు దాచిందో కూడా అడుగు. అది తెలిస్తే చాలు నాకు" అన్నాడు. మార్చిలో ఆమె ఏం అడిగిందో, ఎవరిని అడిగిందో తెలియక నన్నే రాయబారం పంపుతున్నాడు.

చేశాను. మూడోసారి ఎత్తింది. నా పేరు చెప్పాను. అటువైపు కోడిపుంజు కూస్తోంది, ఎవరో సుత్తితో రేకు కొడుతున్నారు.

నేను వాడు చెప్పమన్నది మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపి, "బ్రదర్, ఒకటి అడుగుతాను. ఆ రోజు మీరు ఆయనకు చెప్పారు కదా? వెదురు పోయిందని?" అంది.

సెల్సో నా మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చుని నా మొహమే చూస్తున్నాడు. అవునంటే చాలు. ఆమె మొగుణ్ణి ఎన్నటికీ క్షమించదు, వాడికి ఎందుకో ఎన్నటికీ తెలియదు, నేను తప్పించుకుంటాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది కూడా రాసుకోవాలి, వచ్చింది.

"లేదు మేడమ్. చెప్పలేదు. మీరు నాకు వెదురు పోయిందని చెప్పమన్నారు, నేను సెల్సోకు చెప్పలేదు" అన్నాను. వాడికి కూడా అర్థమయ్యేట్టు ఇంగ్లీషులో, గట్టిగా.

సెల్సో మోకాలు వెనక్కి జరిగింది.

 మరిచిపోయారా అని లిగాయా అడిగింది. మరిచిపోలేదన్నాను. రోజూ గుర్తుందన్నాను. మరెందుకన్నది. ఏం చెప్పను? మా ఇంట్లో ఒక బోరు పడింది, దానికి నీళ్ళు వచ్చాయి, అందుకని చెప్పనా? నా మాట నెగ్గాలనుకున్నాను మేడమ్ అన్నాను. ఆఖరికి అంతే కదా. ఎన్ని రోజులు ఎన్ని రంగులు పూసి రాసినా అంతే.

తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆయన విన్నాడనుకున్నాను" అంది మెల్లగా. "వెదురు పోయిందని విని కూడా, నేను మునిగినా సరే తండ్రి పేరే కావాలన్నాడనుకున్నాను. అందుకే ఇంకేం అడగలేదు. ఇన్ని నెలలూ ఆయనతో ఎలా మాట్లాడానో నాకే తెలియదు. ఆయన వినలేదన్నమాట." తర్వాత, "థాంక్యూ, బ్రదర్" అంది.

నాకు థాంక్యూ చెప్పింది.

ఫోన్ వాడికి ఇవ్వమంది. ఇచ్చాను. సెల్సో నావైపు తిరిగి చూడకుండా తీసుకుని, గోడ వైపు తిరిగి మాట్లాడాడు. వాళ్ళ భాషలో నాకు ఒక్క ముక్క రాదు. మొదట్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, తర్వాత ఆమె ఒక్కతే, వాడు వింటూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళలోనూ వాడు ఫోన్లో అంతసేపు వినడం నేను చూడలేదు. మధ్యలోనే నా కార్డులో డబ్బులు అయిపోయి లైన్ తెగిపోయింది.

నా జేబులో ఇంకో కార్డు ఉంది. తీసి ఇచ్చాను. వాడు ఆ కార్డును చూశాడు, నన్ను చూశాడు. ఫోన్ నా పక్కన నేల మీద పెట్టి లేచి, చొక్కా దులుపుకుని, తన కార్డు తనే కొనుక్కోవడానికి గేటు దాటి దుకాణం వైపు నడిచిపోయాడు.

నేను పిలవలేదు. కార్డు నా చేతిలోనే ఉంది.